గుట్టెక్కిన బెల్టు సైకిలు

జూన్ 3

మామయ్యకు,

ఎలా ఉన్నారని అడిగితే "చెవులు తప్ప అన్నీ బాగున్నాయి" అని రాస్తారు కాబట్టి అడగడం లేదు. అత్తయ్యను మాత్రం అడిగానని చెప్పండి.

ఒక సలహా కావాలి. ముప్పై ఏళ్ళు పిండిమర నడిపారు. బెల్టుల సంగతి మీకు తెలిసినంతగా నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలియదు.

మా లైబ్రరీ వ్యాను పోయిన నెలలో ఆగిపోయింది. ఈసారి బాగు చేయించరట. వ్యాను లేకపోతే గుట్ట మీది ఇళ్ళకు పుస్తకాలు వెళ్ళవు. అక్కడ మాకు పదకొండు మంది పాఠకులున్నారు. అందరూ కిందికి దిగి రాలేనివాళ్ళే. ఒకరికి నడుము నొప్పి, ఒకరికి కళ్ళు తిరగడం. ఒకావిడ మంచం పట్టిన భర్తను వదిలి కదలలేదు. ప్రతి మంగళవారం ఎవరైనా సొంతంగా వెళ్ళివచ్చే ఏర్పాటు జులై ఆఖరులోగా కుదరకపోతే ఆ పదకొండు కార్డులూ రద్దు చేస్తామని మా లైబ్రేరియన్ పెద్దసారు మీటింగులో చెప్పారు.

నేను చెయ్యెత్తాను. నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. పెద్దసారు "బయటికి వెళ్ళాలా అమ్మా?" అని అడిగారు.

నా సైకిలు మీరు చూడలేదు. వేరొకరి దగ్గర పాతది కొన్నాను. దానికి గొలుసు ఉండదు, నల్లటి బెల్టు ఉంటుంది. నూనె అక్కర్లేదు, బట్టలకు మరక అంటదు, చప్పుడు చేయదు. నాకు నచ్చింది ఆ చప్పుడు చేయకపోవడమే. కానీ రెండు సంచుల పుస్తకాలతో గుట్ట రెండో మలుపు దగ్గరకు వచ్చేసరికి ఊపిరి ఆడదు. దిగి నెట్టుకుంటూ వెళ్ళాను. పైకి చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది. నాలుగిళ్ళు తిరిగేసరికే లైబ్రరీ మూసే వేళయింది.

అందుకని దానికి కరెంటు మోటారు పెట్టాలనుకుంటున్నాను. సైకిల్ షాపాయన "బెల్టు సైకిలుకి మోటారు పట్టదు, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఎందుకు పట్టదని అడిగాను. "ఎవరూ పెట్టలేదు కాబట్టి" అన్నాడు. అది కారణం కాదు కదా, మామయ్యా.

ఫోను చేయకుండా ఎందుకు రాస్తున్నానంటే, మీకు వినపడదు, నాకు మాట పెగలదు. మన మధ్య ఫోను దండగ.

మీ కోడలు పిల్ల


జూన్ 11

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం మీ అత్త రెండుసార్లు చదువుకుని, తర్వాత నా చేతికిచ్చింది. "ఊపిరి ఆడదు" అన్న ముక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది. మళ్ళీ ఎప్పుడు మొదలైంది? మీ అమ్మకి తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసు, నేను చెప్పేశాను. ఆరోగ్యం సంగతి నాకు వదిలెయ్యి.

ఇక బెల్టు. ఆ షాపువాడు ఏ మరలోనూ ఒక్క పూట పని చేసినట్టు లేడు. నా మరలో ఒకే ఇంజను మూడు జతల రాళ్ళను తిప్పేది. ఎలాగనుకున్నావు? బెల్టులతోనే. తిరిగే దిక్కు మారాలంటే బెల్టుని మధ్యలో మెలిపెట్టి వేసేవాళ్ళం. సాగితే ఏటవాలుగా కోసి తోలు పట్టీతో కుట్టేవాళ్ళం. జారితే గుగ్గిలం పొడి చల్లేవాళ్ళం. నీ బెల్టునీ కోసి, ఇంకో ముక్క చేర్చి, మోటారు చుట్టూ తిప్పి కుట్టెయ్యి. ఒక పూట పని.

అయితే చూడకుండా చెప్పడం నాకు ఇష్టం లేదు. వేళ్ళ మధ్య నడిపిస్తేగానీ బెల్టు గుణం తెలియదు. ఊడదీసి పంపించు. నేను చూసేదాకా కత్తెర జోలికి వెళ్ళకు.

మోటారు ఎన్ని హార్సుపవర్లు? నాది పదిహేను.

"పిల్లను లైబ్రరీ పని చేసుకోనివ్వక ఈ మోటార్లేంటి" అని మీ అత్త పక్కన నిలబడి అంటోంది. పెదాలు చూసి చెబుతున్నా.

మామయ్య


జూన్ 19

మామయ్యకు,

నాకు ఆయాసం లేదు. గుట్ట నిటారుగా ఉంది, సంచులు ముప్పై కిలోలున్నాయి. ఎవరికైనా ఊపిరి ఆడదు. అమ్మ ఈ వారంలో మూడుసార్లు ఫోను చేసి, మూడుసార్లూ "ఏదీ, ఒకసారి దగ్గు" అంది. దయచేసి ఆమెకు నచ్చజెప్పండి.

బెల్టు కోయను. ఇది మీ మర బెల్టు లాంటిది కాదు. లోపలి వైపు పళ్ళుంటాయి. అవి ముందూ వెనకా ఉన్న పళ్ళచక్రాల్లో కూర్చుంటాయి. కాబట్టి జారదు, గుగ్గిలం అక్కర్లేదు. అతుకన్నదే లేదు, మొత్తం ఒకటే వలయం. మోటారు ఒక హార్సుపవరులో మూడో వంతు. నవ్వకండి.

సైకిల్ మోటార్ల మీద మా దగ్గర ఒక్కటే పుస్తకం ఉంది. రెండుసార్లు చదివాను. మోటారును పెడళ్ళ దగ్గర పెట్టవచ్చు, వెనక చక్రంలో పెట్టవచ్చు, ముందు చక్రంలో పెట్టవచ్చు. మొదటి రెండు చోట్లా పెడితే బెల్టు తిరిగే పళ్ళచక్రాలు మార్చాలి, నా సైకిలుకి కొలతలు కుదరవు. షాపాయన మనసులో ఉన్నది అదే అయి ఉండాలి. ముందు చక్రంలో పెడితే బెల్టును ముట్టుకోనక్కర్లేదు. వెనక నేను తొక్కుతాను, ముందు మోటారు లాగుతుంది. అలా పెట్టాలంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఉక్కుదై ఉండాలట. అయస్కాంతం పెట్టి చూశాను, అతుక్కుంది. కాబట్టి ముందు చక్రమే.

అయినా మీరడిగారని బెల్టు పంపిస్తున్నాను. ఫ్రేములో వెనక ఒకచోట బోల్టు విప్పితే సందు తెరుచుకుంటుంది, బెల్టు అందులోంచి బయటికి వస్తుంది. పోస్టులో పాడవకుండా పుస్తకాల పార్శిలు కట్టినట్టే కట్టాను. సరిగ్గా మూడు మడతలు పెట్టి, కింద ఒక అట్ట, పైన ఒక అట్ట వేసి, నాలుగు వైపులా పురికొస బిగించాను. పార్శిలు కట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని పోస్టాఫీసు గుమాస్తా ఎప్పుడూ అంటాడు.

చూసి వెంటనే పంపండి. అప్పటిదాకా ఉద్యోగానికి నడిచి వెళ్తాను.

మీ కోడలు పిల్ల


జులై 2

కోడలు పిల్లకి,

నీ పార్శిలు విప్పడానికే పావుగంట పట్టింది. ముడి అంటే అదీ!

సన్నగా ఉందని మొదట చులకనగా చూశాను గానీ, గట్టి సరుకే. రెండు చేతులా లాగాను, వెంట్రుకవాసి సాగలేదు. మరకి కొత్త బెల్టు వస్తే మోకాలి మీద వేసి వెనక్కి విరిచి చూసేవాళ్ళం, పగుళ్ళుంటే అప్పుడే బయటపడతాయి. దీన్నీ అంగుళం అంగుళం అలాగే చూశాను. ఒక్క పగులు లేదు. మధ్యలో ఏదో చిటుక్కుమందని మీ అత్త అంది. నాకు వినపడనివన్నీ వినడం ఆమెకు అలవాటు. నా మోకాలే అయి ఉంటుందన్నాను. బెల్టు ఈ పార్శిల్లోనే తిరిగి పంపుతున్నాను, నీ మడతల్లోనే సర్ది.

ముందు చక్రం సంగతి బాగానే ఆలోచించావు. కానీ ఒకటి మర్చిపోయావు. మోటారు చక్రాన్ని ఒకవైపు తిప్పితే, దాని ఇరుసు రెండోవైపు తిరగాలని చూస్తుంది. నట్టు ఒక్కటే దాన్ని ఆపలేదు. ఏదో ఒకరోజు ఇరుసు ఫోర్కులోంచి ఊడుతుంది, నువ్వు బోర్లా పడతావు. అందుకని ఇరుసుని పట్టుకుని ఫోర్కుకి ఆనే ఇనప చేతులు కావాలి. ప్లేటు కోసి రెండు చేశాను, చెరోవైపుకి ఒకటి. రంధ్రాలు కావాలనే ఇరుకుగా పెట్టాను. నీ ఇరుసుకి సరిపోయేదాకా ఆకురాయితో అరగదియ్యి. వదులు చేశావో, మళ్ళీ ప్లేటు కోయాలి.

మీ పెద్దసారుకి ఒక ఉత్తరం రాశాను. ఏం రాశానో నీకెందుకు? పెద్దవాళ్ళం మేం చూసుకుంటాం.

మామయ్య


జులై 9

మామయ్యకు,

మీరేం రాశారో నాకు తెలుసు. పెద్దసారు కౌంటరు దగ్గర అందరి ముందూ చదివారు. "పిల్లకి చిన్నప్పటి నుంచి ఊపిరితిత్తులు బలహీనం. నోట్లో నాలుక లేనిది, పైకి చెప్పుకోదు. తమరే పెద్ద మనసుతో గుట్ట పని తప్పించాలి." తప్పించేశారు.

ఆయన గదికి వెళ్ళి నిలబడ్డాను. ఏం కావాలమ్మా అన్నారు. "గుట్టకి వెళ్తాను సర్" అన్నాను. "మీ మామయ్యగారు..." అన్నారు. "వెళ్తాను సర్" అన్నాను. ఇంకేమీ తోచక అదే నాలుగుసార్లు అన్నాను. చివరికి విసుగొచ్చి ఒక పరీక్ష పెట్టారు. జులై 25, మంగళవారం. రెండు గంటలకు బయలుదేరి, పదకొండు ఇళ్ళూ తిరిగి, ఐదింటికి తలుపులు మూసేలోగా రావాలి. రాలేకపోతే కార్డులు రద్దు.

ఇక ఆయనకు ఏమీ రాయకండి. మంచి కూడా రాయకండి. అమ్మ దగ్గమంటోంది కాబట్టి 25 దాటేదాకా ఫోను ఆపేస్తున్నాను.

మోటారు చక్రం బిగించాను. ఆకురాయితో రెండు సాయంత్రాలు అరగదీశాక మీ ఇనప చేతులు సరిగ్గా పట్టాయి. బ్యాటరీ నీళ్ళసీసా పెట్టే చోట కూర్చుంది. పెడళ్ళ ఇరుసు దగ్గర చిన్న బిళ్ళ ఒకటి పెట్టాను, పెడలు తిరుగుతోందని మోటారుకి అది చెబుతుంది. తొక్కకుండా నడపాలంటే హ్యాండిల్ మీద బొటనవేలితో నొక్కే మీట ఉంది. బెల్టు మళ్ళీ ఎక్కించాను.

ఒక చిక్కు వచ్చింది. రెండో మలుపు దగ్గర కంకర ఉంది. వెనక సంచులు కట్టుకుని అక్కడికి వెళ్తే ముందు చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది, సైకిలు కదలడం లేదు. పుస్తకంలో దీని గురించి లేదు. మీకు తెలుసా?

మీ మీద కోపంగానే ఉన్నాను. అయినా అడుగుతున్నాను.

కోడలు


జులై 14

కోడలు పిల్లకి,

మీ అత్త నాతో మాట్లాడటం లేదు. నాకెలా తెలిసిందంటే, పెదాలు కదలడం లేదు.

తప్పు నాదే. మరలో ఆ చప్పుడుకి ఎవరి మాటా వినపడేది కాదు. అయినా అందరికీ జవాబు చెప్పేవాణ్ణి. అలవాటైపోయింది. నువ్వు ఆయాసం లేదన్నాక కూడా, ఉందనే జవాబు రాశాను.

నీ చిక్కు చిన్నదే. లాగే చక్రం మీద బరువుండాలి. వెనక రెండు సంచులూ కడితే ఎగువకి వెళ్ళేటప్పుడు సైకిలు వెనక్కి కూర్చుంటుంది, ముందు చక్రానికి నేల మీద పట్టు ఉండదు. ఒక సంచిని ముందు చక్రం మీదకి మార్చు. లావు పుస్తకాలు ముందు, కథలు వెనక. హ్యాండిల్ మొరాయిస్తుంది. నాలుగు రోజులు బరువుతో తిప్పు, దారికొస్తుంది.

నేను ఎవరికీ ఏమీ రాయలేదు. మీ అమ్మకి కూడా.

మామయ్య


జులై 22

కోడలు పిల్లకి,

ఈ ఉత్తరం అందగానే బెల్టు తీసెయ్యి. 25న దాని మీద వెళ్ళకు.

నిన్న ఇక్కడి సైకిళ్ళ దుకాణానికి వెళ్ళాను, బెల్టుకి మోటారు పట్టదనేవాళ్ళకి నాలుగు చీవాట్లు పెడదామని. ఆ మనిషి లోపలి నుంచి ఒక బెల్టు తెచ్చాడు. చేతికివ్వబోయే ముందు కాగితం మీద రాసి చూపించాడు: మడవకూడదు, వెనక్కి విరవకూడదు. లోపల కార్బన్ పోగులుంటాయట. అవి తెగినా పైకి ఏమీ కనిపించదట. ఎప్పుడో బలంగా తొక్కినప్పుడు ఒక్కసారిగా పోతుందట.

అంగుళం అంగుళం విరిచాను నేను. ఆ చిటుక్కు నా మోకాలిది కాదు.

మీ అత్త నాలుగుసార్లు ఫోను చేసింది. నువ్వు ఆపేశావు. పరీక్ష తేదీ మార్చమని మీ పెద్దసారుకి నేనే రాస్తాను. లేదు, రాయను. నువ్వు అడుగు.

మామయ్య


జులై 25, సాయంత్రం

మామయ్యకు,

బెల్టు తెగింది. తప్పు నాది. షాపాయన చూసి "దీన్నేమైనా దుప్పటిలా మడతపెట్టారా?" అన్నాడు. పార్శిలు కట్టానని చెప్పలేకపోయాను.

రెండింటికి బయలుదేరాను. నిఘంటువులు ముందు, కథలు వెనక. రెండో మలుపు దిగకుండా దాటాను. ఒక్క పేజీ చదివినంత సేపట్లో అయిపోయింది. నాలుగిళ్ళు అయ్యాక ఎత్తు దగ్గర లేచి నిలబడి తొక్కాను. టపాసు పేలినట్టు చప్పుడైంది. పెడళ్ళు గాలిలో తిరిగాయి. సమయం మూడూ ఐదు. ఇంకా ఏడిళ్ళున్నాయి.

రోడ్డు పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. ఏడుద్దామనే అనుకున్నాను గానీ, అప్పుడు మీట గుర్తొచ్చింది. తెగింది వెనక బెల్టు. ముందు చక్రానికి దానితో పని లేదు. మీట నొక్కాను. నన్నూ పుస్తకాలనూ కలిపి మోటారు లాగలేకపోయింది. దిగాను. పుస్తకాలను మాత్రం లాగింది. అందుకని మీట నొక్కిపట్టి పక్కన పరుగెత్తాను.

ఆరో ఇంటి డ్రాయింగు మాస్టారు తలుపు తీసి, "సైకిలు నిన్ను తెచ్చిందా, నువ్వు సైకిలుని తెచ్చావా?" అని అడిగారు. పుస్తకాలు తెచ్చాను అన్నాను.

లైబ్రరీకి వచ్చేసరికి ఐదూ ఇరవై. పెద్దసారు తాళంకప్ప పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నారు. "ఇరవై నిమిషాలు ఆలస్యం" అన్నారు. నేను మాట్లాడాను. "బెల్టు తెగింది సర్. పదకొండు ఇళ్ళూ తిరిగాను. ఇవి తిరిగి ఇచ్చిన పుస్తకాలు, ఇరవై మూడు. ఇది వచ్చే మంగళవారానికి అడిగినవాటి జాబితా. తెస్తానని చెప్పి వచ్చాను." ఇంత పొడుగు మాట ఆయనతో నేను ఎప్పుడూ అనలేదు.

"ఏడిళ్ళు నడిచావా?" అన్నారు. "పరుగెత్తాను సర్" అన్నాను. ఒక మెట్టు దిగి నాకు దగ్గరగా వచ్చారు. నా ఊపిరి వింటున్నారని తర్వాత అర్థమైంది. తాళం వేసి వెళ్ళిపోయారు. కార్డులు ఆయన బల్ల మీదే ఉన్నాయి.

తెగిన బెల్టు పోగుల నలుపు చేతులకు ఇంకా పోలేదు. అక్షరాలు మాసి ఉంటే అందుకే.

కోడలు


జులై 27

మామయ్యకు,

22న మీరు రాసింది నిన్న అందింది. మూడు రోజులు ముందు అందినా వెళ్ళేదాన్నేమో. తెలియదు.

నిన్న పెద్దసారు పిలిచారు. "సైకిలు సరిగ్గా నడిచి నువ్వు ఐదింటికి వచ్చుంటే, మోటారు మోసింది, పిల్ల సంగతి నాకేం తెలుసు అనుకునేవాణ్ణి. ఆ గుట్ట మీద ఏడిళ్ళు పరుగెత్తిన మనిషికి ఊపిరి లేదంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు. పదకొండు కార్డులూ నా చేతికిచ్చారు. "మీ మామయ్యగారికి తెలియజెయ్యి" అన్నారు. తెలియజేస్తున్నాను.

కొత్త బెల్టు రావడానికి మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మంగళవారాలు పరుగే.

మీరు విరవడం వల్ల కాదు. మూడు మడతలు పెట్టి పురికొస బిగించింది నేను.

మీ కోడలు పిల్ల


ఆగస్టు 3

కోడలు పిల్లకి,

కార్డుల సంగతి మీ అత్త చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి వచ్చి నాతో మాట్లాడింది. మూడు వారాల తర్వాత మొదటి మాట: "వినపడిందా?"

బెల్టు తెంపింది నేను. మడత మూడు చోట్లే, నేను విరిచింది ఆ చివర నుంచి ఈ చివరి దాకా. ముప్పై ఏళ్ళు బెల్టుల మధ్య బతికిన మనిషి ఉండగా ఆ పేరు నువ్వెలా కొట్టేస్తావు? అనుభవం నాది, తప్పూ నాదే. ఇక దీని మీద వాదించకు.

కొత్తది వస్తే నాకు చూపించకు. చూస్తానని బతిమాలినా చూపించకు. ఇరుసు నట్లు మాత్రం వారానికోసారి బిగించుకో.

మీ అమ్మకి నేనే చెప్పాను, నీకు ఆయాసం లేదని. నమ్మలేదు. నేను చెబితే ఎవరూ నమ్మని రోజులొచ్చాయి.

మామయ్య


ఆగస్టు 22, మంగళవారం

మామయ్యకు,

ఇది గుట్ట పైనుంచి రాస్తున్నాను. పదకొండో ఇంటి పక్కన పిట్టగోడ మీద కూర్చున్నాను. సైకిలు నా ఎదురుగా ఉంది.

కొత్త బెల్టు శుక్రవారం వచ్చింది. వలయంలా వచ్చింది, వలయంలాగే ఎక్కించాను. వాదించవద్దన్నారు కాబట్టి వాదించను, సగం తప్పు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఈరోజు ఎక్కడా దిగలేదు. ఎత్తు వచ్చినచోట లేచి నిలబడలేదు, కూర్చునే తొక్కాను. మోటారు గొంతు చాలా చిన్నది, చెవి దగ్గర దోమంత. డ్రాయింగు మాస్టారు నన్ను చూసి, "ఇవాళ పరుగు లేదా?" అని కాస్త నిరాశగా అడిగారు. సైకిలు గంట కొట్టేలోపే అందరూ తలుపులు తీస్తున్నారు. ఎనిమిదో ఇంటావిడ జాబితా బదులు గోడ మీద పెన్సిలుతో పుస్తకాల పేర్లు రాసి పెట్టుకుంది. చెరపకుండా చదివి రాసుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

పదకొండో ఇంట్లో ఆవిడ భర్తకు చదివి వినిపిస్తోంది. కిటికీ తెరిచే ఉంది. మొదటి పేజీ అయిపోయింది.

ఇంత తొందరగా పైకి ఎప్పుడూ రాలేదు. వచ్చినప్పుడల్లా టైము చూసుకుని వెంటనే దిగిపోయేదాన్ని. అందుకే అవతలి వాలులో కూడా ఇళ్ళున్నాయని ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇక్కడి నుంచి పద్నాలుగు కప్పులు కనిపిస్తున్నాయి. అటు ఎవరికీ మా కార్డు లేదు.

సమయం నాలుగు. బ్యాటరీలో ఇంకా రెండు గీతలున్నాయి. సంచిలో ఖాళీ కార్డులున్నాయి. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. తలుపు తట్టాక తెలుస్తుంది.

ఇక్కడితో ఆపి అటు దిగుతున్నాను.

మీ కోడలు పిల్ల